కర్ర పడేదాకా

అవతల మొదటి అంకం మొదలైంది. ఆమె వంతు రావడానికి ఇంకా గంట ఉంది. పక్కతెర చాటున, మంటలార్పడానికి పెట్టిన ఇసుక బకెట్ల పక్కన, ఏ కాలికీ ఏ కాలితోనూ పొత్తు కుదరని పాత స్టూలు మీద కూర్చుని, వాకిలి కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. మధ్యాహ్నపు ఆట. రేకుల కప్పు చీలికల్లోంచి ఎండ సన్నటి తాళ్ళలా దిగింది. ఆ తాళ్ళు పట్టుకుని దుమ్ము పైకీ కిందికీ పాకుతోంది. కర్ర అంటే బంగారు కాగితం చుట్టిన బెత్తం కాదు. నిలువెత్తు చేవకర్ర, అడుగున ఇనప పొన్ను. ఎత్తి దించితే చెక్క వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు పలకాలి. ఎన్నో చేతులు పట్టుకున్న కర్ర. అక్కడక్కడా నునుపు తేలింది, భుజమెత్తున ఒక చోట, బెత్తెడు కింద ఇంకో చోట, నడుము దగ్గర మరో చోట. నడుము దగ్గరది, ఈమె తరవాత ఈ వేషం కట్టిన పొట్టిదానిది. అది ఒకరోజు పాట మధ్యలో మాట మరిచిపోయి, నాలిక కరుచుకుని, "ఉండండి, లోపల అడిగొస్తా" అని తెరలోకి తల దూర్చి మళ్ళీ బయటికి తీసింది. జనం ముందు కుర్చీలు తన్నుకుంటూ నవ్వారు. ఆ నవ్వే దానికి అన్నం పెట్టింది, ఇప్పటికీ పెడుతోంది, దాని బొమ్మ గోడల మీద ఉంటుంది, అందులో నాలిక కొంచెం బయటికే ఉంటుంది. భుజమెత్తుది ఈమెది. కర్ర అందుకోగానే చెయ్యి దానంతటదే ఆ చోటికి పోయింది, మేతకు పోయిన గొడ్డు పొద్దుగూకితే తన కొయ్య దగ్గరికే వచ్చి నిలబడినట్టు. ఇన్నేళ్ళూ రాణి వేషాలు వేసిన చెయ్యి. విసనకర్ర పట్టింది, అద్దం పట్టింది, రాజుల భుజాలు పట్టింది. అయినా మరిచిపోలేదు.

మరిచిపొమ్మన్నవాడు చినబాబు. నాటకాల కంపెనీ పెట్టిన పెద్దాయన కొడుకు, ఇప్పటి యజమాని. ఈమె చీర కొంగు పట్టుకుని పక్కతెరల మధ్య దోగాడినవాడే. వాడికి తిరిగే వేదిక మీద మనసైంది. తెప్పించాడు. మీట నొక్కితే అడవి అటు తిరిగిపోతుంది, కోట ఇటు వచ్చి నిలబడుతుంది, మనిషి తుమ్మేలోపల అయిపోతుంది. అంతకుముందు అలా కాదు. అడవి దృశ్యం కాగానే ముందు తెర పడేది. వెనక చెట్లు మోసుకుపోయి, రాజుగారి మెట్లూ స్తంభాలూ తెచ్చి నిలబెట్టాలి. అంతసేపూ జనం చీకట్లో ఒకరి మొహాలొకరు చూసుకోకుండా, తెర ముందుకు కోట వాకిలి కాసే ఆడమనిషి వచ్చి పాట పాడేది. వెనక పని అయ్యాక వడ్రంగి సుత్తితో స్తంభం మీద తట్టేవాడు. ఆమె పాట ముగించి కర్రతో నేల మీద కొట్టేది. తెర లేచేది. అంతే ఆ పాత్ర. దానికి తల్లీ లేదు తండ్రీ లేడు, ప్రేమా లేదు పగా లేదు, పోనీ చావైనా లేదు. పాట ఎంతసేపు అంటే, వెనక మేకులు దిగేంతసేపు. ఇప్పుడు మేకులే లేవు.

"ఇంక వాకిలి మనిషెందుకత్తా? కప్పెట్టడానికి వెనక ఏమీ జరగట్లేదుగా" అన్నాడు చినబాబు, అద్దాల గదిలో అందరి ముందూ, టీ గ్లాసు ఊదుకుంటూ.

"వెనక జరక్కపోతే ముందు జరిగేదేమీ లేదా బాబూ?"

"తెర ముందు ఒక్క మనిషి నిలబడి పాడితే ఇప్పుడెవరు వింటారు? దగ్గుతారు. ఒకడు మొదలెట్టాడంటే హాలు హాలంతా దగ్గుతుంది."

"కోరస్‌లో ఆ వెనక వరస పిల్లకిచ్చి చూడు. దానికి గొంతుంది."

"ఆ పిల్లదాకా ఎందుకు, పేరున్న మీరు పాడినా వినరు."

"పాడతాను. వింటారో లేదో చూడు."

అద్దాల ముందు రంగులు పూసుకుంటున్న చేతులన్నీ ఆగాయి. ఆమె గొంతు సంగతి అందరికీ తెలుసు. చినబాబు నవ్వు ఆపుకున్నాడు, ఆపుకున్నట్టు కనపడేలా ఆపుకున్నాడు. "మీకు రాజమాత వేషం ఇచ్చాం కదత్తా. గద్దె మీద కూర్చుని చెయ్యెత్తి దీవిస్తే చాలు. ఎందుకీ శ్రమ?"

"దీవించే ఓపిక నాకు లేదు బాబూ. జనం వింటే ఆ పాత్ర ఉంచు, రేపటి నుంచి ఆ పిల్లకివ్వు. దగ్గితే పాటా తీసెయ్, గోడ మీద నా బొమ్మా తీసెయ్."

వాడు గ్లాసు కింద పెట్టాడు. వాడి మొహంలోకి ఏదో వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు ఆమె గాజుల పెట్టె దాచేసి ఏమీ ఎరగనట్టు నిలబడేవాడు, అదే మొహం. "సరే. వడ్రంగి సుత్తి తట్టేదాకా మీ ఇష్టం" అన్నాడు. మీట నొక్కితే చాలు, కోట సిద్ధం, సుత్తి పడుతుంది. ఆమె నోరు తెరిచేసరికి వడ్రంగి తట్టేస్తాడు. ఆ మతలబు ఆమెకు అక్కడికక్కడే అర్థమైంది. "అంటే పాత పద్ధతి ప్రకారమేనా?" అని అడిగింది. "అంతా పాత పద్ధతి ప్రకారమే" అన్నాడు, ఊరికి బావి తవ్వించినవాడిలా చుట్టూ చూస్తూ. అందరూ విన్నారు. ఆమె వినాల్సింది కూడా అదే.

అవతల రాజకుమారుడు అడవిలో దారి తప్పాడు. రోజూ తప్పుతాడు. వాడి పాటలో రెండో చరణం దగ్గర ఊపిరి చాలక మాట మింగేస్తాడు, ఇవాళా మింగాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పబోతే "నాకు తెలుసు మేడమ్" అంటాడు. ఒకప్పుడైతే ఆ రాజకుమారుడి వేషం పక్కన రాణి ఈమే. పై స్థాయిలో స్వరం పట్టుకుని, దీపం వెలిగించి గూట్లో పెట్టినట్టు అక్కడే నిలిపి, జనం ఊపిరి బిగబట్టాక కూడా ఇంకాసేపు నిలిపేది, ఎందుకంటే తనకు చేతనవుతుంది కాబట్టి. తరవాత గొంతులో కాయ. మిరియపు గింజంత ఉందన్నాడు డాక్టరు, తీసేస్తే పాడొచ్చన్నాడు, తీసేశాడు. తీశాక మాట్లాడకూడదన్న రోజుల్లో ఆమె పలక మీద రాసి చూపించేది, మొగుడు, ఆ వడ్రంగే, చదివి పలక మీదే జవాబు రాసేవాడు. "నేను మాట్లాడకూడదు గాని నీకేమైంది" అని రాస్తే, నాలిక కరుచుకుని, "అవును కదా" అని మళ్ళీ పలక మీదే రాశాడు. కట్టు విప్పినట్టు గొంతు విప్పి చూసుకుంటే అది వేరే ఎవరిదో. పై మెట్లన్నీ ఊడిపోయాయి. కింద మాత్రం ఎన్నడూ దిగని మెట్లు ఏవో కనపడ్డాయి, చీకటిగా, చెమ్మగా, ఎండాకాలం నీళ్ళు తగ్గిన బావిలో కనపడే మెట్ల లాగా. డాక్టరు మొహం దించుకున్నాడు. చినబాబు రాజమాత వేషం తీసుకొచ్చాడు. చూడవచ్చిన వాళ్ళందరూ చావు ఇంటికి వచ్చినట్టు గుమ్మంలో చెప్పులు మెల్లిగా విడిచారు. ఎవరు పోయారని? నేనిక్కడే ఉన్నాను కదా, అని ఆమె అనబోయింది. గొంతు కిర్రుమంది. వాళ్ళు ఇంకా మెల్లిగా నడిచారు.

అప్పటి నుంచి పాత సామాను గదిలో పాడుకుంటోంది. విరిగిన స్తంభాలు, రంగు వెలిసిన చందమామ, గుర్రం ముందు సగం, గుర్రం వెనక సగం ఎక్కడో. ఆ పాత కోట మెట్లు కూడా అక్కడే గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద కూర్చుని, ఆ కింది మెట్లు ఒక్కొక్కటే కాలితో తడిమినట్టు గొంతుతో తడిమి చూసుకుంది. ఇక్కడ ఆనుతుందా? ఆనింది. ఇంకొకటి? జారింది. మళ్ళీ. ఒకరోజు తలుపవతల నూనె డబ్బా చప్పుడైంది. మొగుడు. తిరిగే వేదిక కొన్నాక వడ్రంగికి దాని చక్రాలకు నూనె పోయడమే పని.

"నీ గొంతు కిర్రుమంటోందే" అన్నాడు తలుపవతల నుంచే.

"వాకిలి కాసేదాని గొంతు కిర్రుమనక కోకిల్లా ఉంటుందా?"

నూనె డబ్బా మళ్ళీ చప్పుడైంది. "ఇంకాస్త నూనె పొయ్యనా?" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు మాత్రం పాత గొంతుతోనే వచ్చింది.

ఆ మెట్లే. అసలు ఆ మెట్ల దగ్గరే అంతా మొదలైంది. అతనప్పుడు కంపెనీలో కొత్త వడ్రంగి, ఎవరితోనూ మాట్లాడడు, పెన్సిలు చెవి మీద నుంచి తీయడు, నిద్రలో కూడా తీయడనేవారు. కొత్త మెట్లు చెయ్యమంటే వేదిక వెనక నిలబడి కొలతలు తీసుకున్నాడు. వడ్రంగులందరూ చూసేది వెనక నుంచే, జనం చూసేది ముందు నుంచి, ఆ సంగతి అతనికింకా వంటబట్టలేదు. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, మెట్లు జనం వైపుకు కాక వెనక గోడ వైపుకు దిగాయి. అందమైన మెట్లే. రాజుగారు వాటి మీంచి దిగితే జనానికి వీపు చూపిస్తూ గోడకు గుద్దుకుంటారు. తెర పడ్డాక, మేకులు దిగాక, పెద్దాయన చూశాడు. "ఓరి నీ అసాధ్యం కూలా!" అన్నాడట. ఆ కేక తెర ముందుకు కూడా వినపడింది. తెర ముందు ఈమె ఉంది. అప్పటిదాకా వెనక వరసలో నిలబడి కోరస్‌లో నోరు కలిపేది. అసలు వాకిలి మనిషికి జ్వరమొస్తే, ఆ వేషం అంగరఖా ఈమెకు సరిపోతుందని పంపారు. గొంతు కోసం కాదు, భుజాల కొలత కోసం.

నాలుగు పాదాల పాట. లోపల ఎవరున్నారో నేనెరగను. బయట ఎవరున్నారో వారెరగరు. నడుమ నిలబడినదాన్ని. నన్నడిగి కదలండి. పాడేసింది. సుత్తి పడలేదు. మళ్ళీ పాడింది. పడలేదు. వెనక మేకులు పీకుతున్న చప్పుడు, కీచుమని, పన్ను పీకినట్టు. మూడోసారి ఎత్తుకోగానే జనం కదిలారు, ఎవరో ఈల వేశారు. పారిపోదామా అంటే తెర వెనక్కి పోవడానికి దారి లేదు, ముందుకు పోతే జనంలో పడుతుంది. సరిగ్గా అప్పుడు ఆలస్యంగా వచ్చిన భార్యాభర్తలెవరో, వంగి, మోకాళ్ళు తొక్కుతూ కుర్చీలు వెతుక్కుంటున్నారు. ఆమె చూపు వాళ్ళ మీద పడింది. అనుకుని చెయ్యలేదు. కర్ర వాళ్ళకు అడ్డంగా చూపించి, "నన్నడిగి కదలండి" అని పాడింది. ఆ భర్త బిత్తరపోయి చేతులు జోడించాడు. హాలు గొల్లుమంది. ఆ నవ్వు వచ్చి ఆమె పాదాల కింద నేలలా నిలబడింది. అక్కణ్ణుంచి ఆమెను ఎవరాపారు? ఏడుస్తున్న పసిబిడ్డను చూసి అదే మాట జోలగా పాడింది, బిడ్డ ఆగింది. ఈల వేసినవాడి వైపు తిరిగి అదే మాట కోపంగా పాడింది, వాడి పక్కవాళ్ళు వాడి నెత్తిన మొట్టారు. తెర వైపు తిరిగి, ఏ నాయనా అయిందా లేదా అని బతిమాలుతున్నట్టు పాడింది. తెర వెనక మేకు కీచుమంది, జనం ఆ కీచుకు చప్పట్లు కొట్టారు. చివరికి ఊరికే పాడింది. ఎవరికోసమూ కాదు. నడుమ నిలబడినదాన్ని. ఆ మాట తన గురించేనని అప్పుడు తెలిసింది. వెనక వరసలో నిలబడ్డ రోజులు, ఇంట్లో పెద్దదానికీ చిన్నదానికీ నడుమ పుట్టి ఎవరి కంటికీ ఆనని రోజులు, అన్నీ వచ్చి ఆ మాటలో కూర్చున్నాయి. హాలు చీమ చిటుక్కుమనకుండా అయిపోయింది. సుత్తి పడింది. ఆమె ఉలిక్కిపడి వెంటనే కర్రతో నేల మీద కొట్టేసింది, బడిలో గంట కొట్టగానే పలక సర్దుకున్నట్టు.

ఆట అయ్యాక పెద్దాయన వచ్చాడు. మెచ్చుకుంటాడనుకుంది. "తట్టగానే కొట్టేశావేమే?" అని కసిరాడు. "సుత్తి పడిందంటే లోపల సిద్ధమని. మరి బయట? నువ్వు సిద్ధం కావద్దూ? నీ కర్ర పడితేనే తెర లేవాలి. అది కంపెనీ పెట్టిన నాటి కట్టడి. లోపలివాళ్ళ చేతిలో సుత్తి పెట్టినవాణ్ణి నీ చేతిలో కర్ర ఊరికే పెట్టానా?" అని, తల మీద ఒక్కటి మొట్టి, మరుసటి ఆటకి రాణి చెల్లెలి వేషం ఇచ్చి, ఆపై ఏడు రాణినే చేశాడు. తట్టగానే కొట్టడం ఆమెతో పోలేదు. ఆమె తరవాత వచ్చినవాళ్ళందరూ తట్టగానే కొట్టారు. ఎవరికైనా భయమే మరి, లోపల అంతమంది కాచుకుని ఉంటే. కట్టడిలో రెండో సగం ఉందన్న సంగతే కంపెనీ మరిచిపోయింది.

పేపర్లవాళ్ళు మాత్రం ప్రతిసారీ ఒకే మాట రాస్తారు. చిన్న పాత్రతో మొదలై, అని. చిన్నదట. ఎవరు కొలిచారు, ఏ గజంతో? రాణి వేషంలో ఆమె చుట్టూ దీపాలు, వాద్యాలు, చెలికత్తెలు, నురగలా పట్టుబట్టలు, గోడకు ఆనుకున్నా నిలబడొచ్చు. వాకిలి మనిషికి ఒక తెర, ఒక కర్ర. తెర కూడా దానిది కాదు, వెనకవాళ్ళది. మెట్టు అంటారు, ఎక్కిపోయే మెట్టు. తొక్కి పైకి పోయాక ఇంక దాని అవసరం లేదట. పొట్టిది ఎక్కింది, వేణువు వాయించేవాడి చెల్లెలు ఎక్కింది, ఒక్క కూనిరాగంతో రాజధాని నాటకశాల దాకా పోయిన సన్నపిల్ల ఎక్కింది. అందరూ ఎక్కాక నిచ్చెన లాగేస్తామంటే ఎలా? కిందున్నవాళ్ళు మనుషులు కారా? అద్దాల గదిలో ఒకడు చెవి కొరికాడట, "ఎక్కడ మొదలెట్టిందో అక్కడికే దిగింది పాపం" అని. దిగడమేమిట్రా. నేను నడిచొచ్చాను. నా కాళ్ళతో, నా ఇష్టంతో, నా సామాను నేనే మోసుకుని.

మొగుడిదింకో పాట. పోట్లాట వచ్చిన ప్రతిసారీ, మాటలు అయిపోయి ఇంక దారి లేక, "ఆ మెట్లు తిరగేసి చెయ్యకపోతే నువ్వు ఇంకా వెనక వరసలోనే ఉండేదానివి" అంటాడు. "మెట్లు తిరగేసినవాళ్ళందరి ముందూ రాణులు పుట్టరయ్యా" అంటుంది ఆమె. "పుట్టిందిగా ఒకతె" అని పెన్సిలు చెవి మీద సర్దుకుని పోతాడు. ఆ మాటతో పోట్లాట ఎవరు గెలిచినట్టో ఇన్నేళ్ళైనా తేలలేదు.

"పెద్దమ్మా." వెనక వరస పిల్ల. అడవి పాటలో చెట్లతో పాటు ఊగి వచ్చింది, తలలో కాగితపు ఆకులు ఇంకా ఉన్నాయి. మెడ కింద చెమటకు రంగు కారింది. దానికి నిజంగా గొంతుంది. కోరస్‌లో అందరితో కలవడానికి దాన్ని కుక్కి కుక్కి పాడుతుంది, చిన్న చెప్పుల్లో పెద్ద పాదం దూర్చినట్టు. ఆమెకు ఆ నొప్పి తెలుసు.

"మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు. నువ్వు తాగు. ఒగరుస్తున్నావ్."

ఆ పిల్ల తాగలేదు. కర్ర వైపు చూస్తోంది. "చినబాబు గారు మీట దగ్గర తనే నిలబడ్డారు పెద్దమ్మా. తెర పడీపడగానే తిప్పించేస్తారట. పాట మొదటి మాట కూడా అవ్వదని పందేలు కాస్తున్నారు లోపల."

"నువ్వెటు కాశావ్?"

పిల్ల మొహం కందగడ్డైంది. "నేను కాయలేదు. నా కోసమే మీరు మాటపడుతున్నారని అందరూ..."

"నీ కోసమా? నీ మొహం చూసి చేస్తున్నానా ఇదంతా? ఆ పాట నాది. దాన్ని చెత్తబుట్టలో వేస్తానంటే ఊరుకోను, అంతే. తరవాత నువ్వు పాడతావో ఇంకో మూలన ఇంకో పిల్ల పాడుతుందో, అది మీ తిప్పలు." అని, చెయ్యి చాచి ఆ పిల్ల తలలో ఆకులు ఒక్కొక్కటే ఏరి పడేసింది. "కర్ర ఒకసారి పట్టుకో. ఊరికే."

పిల్ల పట్టుకుంది. ఆమె పట్టుకునే చోటుకీ పొట్టిదాని చోటుకీ మధ్య, ఇంకా గరుకుగా ఉన్న చోట పట్టుకుంది. ఆమె ఆ చోటు చూసుకుంది. కర్ర వెనక్కి తీసుకుంది.

ఇక ఎక్కువసేపు లేదు. అవతల చెలికత్తెలు రాజకుమారుణ్ణి ఆటపట్టిస్తున్నారు. మొగుడు చేతిలో సుత్తితో, తాళ్ళ వైపు పోతూ, ఆమె ముందు ఆగాడు. అన్నీ మరలైపోయినా ముందు తెర తాడు మాత్రం ఇంకా అతని చేతిలోనే ఉంది. మరని నమ్మడు. ఆమె అడగొచ్చు. కాస్త ఆగి తట్టవయ్యా, అని ఒక్క మాట. పెళ్ళాం అడిగితే కాదంటాడా? అంటాడు. దృశ్యం సిద్ధం కాకుండా తట్టడు, సిద్ధమయ్యాక తట్టకుండా ఉండడు. ఎప్పుడో వేరే కంపెనీలో ఒకడు మొహమాటానికి అబద్ధపు సుత్తి కొడితే, తెర లేచేసరికి నిచ్చెన మీద మనిషి ఉన్నాడట, బెదిరి కిందపడి నడుము విరిగిందట. అది చెప్పినప్పుడల్లా ఇతని గొంతు తగ్గిపోతుంది. ఆ సుత్తి అతని నాలుక. దానితో అతను ఎన్నడూ అబద్ధమాడలేదు. ఆమె అడగదు. అడిగి గెలవడం ఆమెకు వద్దు.

"తట్టేస్తానే" అన్నాడు, నేల చూస్తూ.

"తట్టు. నీ పని నువ్వు చెయ్యి."

"నీ పని?"

"నా పని నాకు తెలుసు."

అతను తల ఎత్తి ఆమెను చూశాడు. తరవాత కర్రను చూశాడు, అడుగున పొన్ను దాకా చూశాడు. బోర్లించిన గిన్నె లాంటి ఆ మొహంలో ఏమైనా కదిలిందో లేదో చీకట్లో తెలియలేదు. పెన్సిలు మాత్రం చెవి మీద నుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. పెళ్ళి రోజు తీశాడు అలా. వెళ్ళిపోయాడు.

వాద్యాలు ఆగాయి. తెర పడింది. ఆమె లేచింది, మోకాలు కిర్రుమంది, స్టూలు కిర్రుమంది, మనమంతా ఒకటే మేళం అనుకుంది. తెరకూ జనానికీ మధ్య ఉన్న ఆ సన్నటి చెక్కబద్దల దారి మీదికి నడిచింది. కాళ్ళకు తెలుసు, ఏ బద్ద లేస్తుందో. వెలుతురు మొహాన పడింది. ముందు ఏమీ కనపడలేదు, తరవాత ముందు వరస మోకాళ్ళు, తరవాత మొహాలు, నీళ్ళలోంచి తేలినట్టు. తన వీపు వెనక తెర గాలికి ఒకసారి ఉబ్బింది. వేదిక తిరిగింది. ఆమె నోరు తెరిచింది. లోపల ఎవ—

సుత్తి పడింది. స్తంభం మీద, గట్టిగా, నిజాయితీగా.

పాట అక్కడ ఆగాలి. అవతలి పక్కతెరలో మీట దగ్గర నిలబడ్డ చినబాబు అప్పుడే చేతులు కట్టుకున్నాడు. ఆమె కుడి చెయ్యి కర్రను ఎత్తింది, అందరూ చూసేంత ఎత్తుకు. అక్కడే ఆపింది. దించలేదు. లోపల ఎవరున్నారో నేనెరగను. కొత్త గొంతు బయటికొచ్చింది. పై మెట్లు లేవు, కిందికే దిగింది, చెమ్మగా, గరగరలాడుతూ, బావి లోపల్నుంచి ఎవరో నిజం చెబుతున్నట్టు. బయట ఎవరున్నారో వారెరగరు. మూడో వరసలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. దగ్గు రాబోతోంది. వాడు పిడికిలి నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆమె వాడి వైపు తిరిగి, గాలిలో ఉన్న కర్రను వాడి మీదికి వంచి, పాపం దగ్గును కూడా వాకిట్లో నిలబెట్టి, మెల్లిగా, చాలా మెల్లిగా, "నన్నడిగి కదలండి" అంది. వాడు దగ్గు మింగేశాడు. పక్కావిడ కిసుక్కుమంది. నవ్వు ఒక వరస దాటింది, ఇంకో వరస దాటింది, వెనక గోడకు తగిలి తిరిగొచ్చింది. తిరిగొచ్చి అణిగింది. అణిగాక వచ్చిన నిశ్శబ్దం పాతదే. ఆమె దాన్ని గుర్తుపట్టింది. అది కూడా ఆమెను గుర్తుపట్టింది.

"లేపు! తెర లేపు!" చినబాబు బుసలు కొడుతున్నాడు. పరుగెత్తి వెనక్కి పోయిన అడుగుల చప్పుడు. తెర వెనక, ఆమె వీపుకు మూరెడు దూరంలో, మొగుడి గొంతు వినపడింది. ఇన్నేళ్ళలో అతను పనిలో ఉండగా అంత తాపీగా మాట్లాడటం ఆమె వినలేదు.

"కర్ర పడలేదండి."

"సుత్తి కొట్టావుగా!"

"కొట్టానండి. లోపల సిద్ధం. బయట కర్ర పడలేదు. పాత పద్ధతి ప్రకారమేనని తమరే అన్నారు. అందరూ విన్నారు."

"విన్నాం" అంది ఇంకో గొంతు, సన్నటిది, కుక్కకుండా వదిలినది. తలలోంచి ఆకులు ఏరిన పిల్లది.

ఆమె నవ్వలేదు. నవ్వితే ఊపిరి పోతుంది, ఊపిరి కావాలి. నడుమ నిలబడినదాన్ని, అని ఇంకా కిందికి దిగింది, సామాను గదిలో రోజూ జారిన ఆ మెట్టు మీదికి. పాదం ఆనింది. నిలబడింది. అక్కడ నిలబడి హాలంతా ఒకసారి కలియజూసింది, ఇటు నుంచి అటు, ఎవరినీ వదలకుండా. ఎవరూ కదలలేదు. చెయ్యి నొప్పెడుతోంది. నొప్పెట్టనీ. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, ఈసారి ఇంకా నింపాదిగా. కర్ర ఇంకా గాలిలోనే ఉంది.